కాకిపిల్ల కాకికి ఎందుకు ముద్దు? పల్నాటి హారీతి నుంచి హార్మోనుల దాకా

పల్నాడు అనగానే తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేది యుద్ధం. గురజాల, మాచర్లల మధ్య దాయాదుల వైరం, కారంపూడి రణరంగం, నాగులేరు, బ్రహ్మనాయుడు, నాగమ్మ, పసితనపు ఛాయలు వీడని బాలచంద్రుడు. అయితే పన్నెండవ శతాబ్దపు ఆ పోరుకు సుమారు తొమ్మిది వందల ఏళ్ళ ముందే ఈ గడ్డ మీద మరొక కథ చెప్పుకున్నారు. అది కత్తుల కథ కాదు, ఒక పసిబిడ్డ ముఖం చేయగలిగిన పనిని గురించిన కథ. ఈ వ్యాసంలో ఆ కథ నుంచి బయలుదేరి, మన రక్తంలో తిరిగే హార్మోనుల దాకా, అక్కడి నుంచి పురిటి మంచం మీద ఉన్న తల్లి దాకా వద్దాం.

మాచర్లకు చేరువలో, కృష్ణా తీరాన, క్రీస్తు శకం 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి విలసిల్లింది. దానినే మనం నాగార్జునకొండ అంటున్నాం. 1926లో శాసన పరిశోధకుడు ఎ.ఆర్. సరస్వతి ఆ శిథిలాలను గుర్తించారు. ఆనకట్ట నీటిలో లోయ మునిగిపోకముందే, 1954 నుంచి 1960 వరకు అక్కడ విస్తృతమైన తవ్వకాలు జరిగాయి. చైత్యాలు, విహారాలు, స్నానఘట్టాలతో పాటు మెట్ల వరుసలున్న ఒక క్రీడామండపం, దాని సమీపంలోనే హారీతి దేవాలయం వెలుగులోకి వచ్చాయి. ఆ క్రీడామండపాన్ని రాయి రాయిగా తరలించి అనుపు వద్ద తిరిగి నిర్మించారు. నేటికీ అక్కడ చూడవచ్చు.

ఎవరీ హారీతి? బౌద్ధ కథల ప్రకారం ఆమె రాజగృహంలో ఊరివారి పిల్లలను ఎత్తుకుపోయి తినే యక్షిణి. ఆమెకు ఐదు వందల మంది సంతానం. తల్లులు వచ్చి మొరపెట్టుకోగా బుద్ధుడు ఆమెను శిక్షించలేదు. ఆమె కడగొట్టు బిడ్డను తన భిక్షాపాత్ర కింద దాచాడు. కొన్ని గ్రంథాలలో ఆ బిడ్డ పేరు ప్రియంకరుడు, అంటే ప్రియం కలిగించేవాడు. బిడ్డ కనపడక హారీతి లోకమంతా వెదికి, ఏడ్చి, చివరకు బుద్ధుని చెంతకు వచ్చింది. ఐదు వందల మందిలో ఒక్కడు కనబడకపోతేనే నీకింత దుఃఖమైతే, ఒక్కగానొక్క బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాటేమిటని ఆయన అడిగాడు. ఆనాటి నుంచి ఆమె పిల్లలను కాచే దేవత అయింది. భారతదేశపు విహారాలలో, ఒడిలో బిడ్డతో ఉన్న హారీతి ప్రతిమను నిలిపి నైవేద్యం పెట్టేవారని ఏడవ శతాబ్దపు చైనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు.

అదే విజయపురిలో మరొక శిల్పం దొరికింది. అది సంతానప్రదాయినిగా భావించే నగ్న మాతృమూర్తి. ఎహువల శాంతమూల మహారాజు భార్య ఖండువుల మహాదేవి దానిని చేయించినట్లు దాని మీద శాసనం ఉంది. అందులో రాణి తనను గురించి చెప్పుకున్నవి ప్రధానంగా రెండే విషయాలు: తన భర్త సజీవుడు, తన బిడ్డ సజీవుడు. పురుడు గండంగానూ శైశవం అంతకు మించిన గండంగానూ ఉన్న కాలంలో ఒక మహారాణికి సైతం చెప్పుకోదగిన ఐశ్వర్యం అదే.

ఇప్పుడు వైద్యుడి ప్రశ్న. ఇతరుల బిడ్డలను చూస్తే కరగని హారీతి మనసు తన బిడ్డ కోసం ఎందుకు కరిగింది? మన సామెత దీనినే ఇంకా పొట్టిగా చెప్పింది: కాకిపిల్ల కాకికి ముద్దు. ఈ ముద్దు అనేది పిల్ల ముఖంలో ఉందా, కాకి కంటిలో ఉందా? శరీరశాస్త్రం ఈ ప్రశ్నకు వంద సంవత్సరాలు పైబడి సమాధానం వెదికింది.

చేపు చెప్పిన రహస్యం

పల్నాటి పల్లెలలో పాడి ఉన్న ఏ ఇంట్లోనైనా తెలిసిన మాట ‘చేపు’. దూడను విడిచి నాలుగు గుక్కలు తాగనిస్తే గేదె చేపుతుంది. దూడ లేకపోతే ఎంత పితికినా పాలు పొదుగులోనే నిలిచిపోతాయి. దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టే పద్ధతి ఒకప్పుడు ఉండేది. అంటే పాలు పొదుగులో ఉండటం వేరు, అవి దిగిరావడం వేరు అనీ, దిగిరావడానికి దూడ చూపో వాసనో స్పర్శో కావాలనీ రైతుకు తెలుసు. ఎందుకో మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియదు.

1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చిన్నప్రేగు నుంచి వెలువడే ఒక రసాయనం రక్తం ద్వారా ప్రయాణించి క్లోమగ్రంథిని పనిచేయిస్తుందని కనుగొన్నారు. నరాల ప్రమేయం లేకుండానే ఒక అవయవం మరొక అవయవానికి కబురు పంపగలదని అప్పుడు రుజువైంది. 1905లో స్టార్లింగ్ ఇటువంటి రసాయన దూతలకు ‘హార్మోన్’ అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చాడు. ప్రేరేపించడం అనే అర్థమున్న గ్రీకు ధాతువు నుంచి వచ్చిన మాట అది.

మరుసటి ఏడాది, 1906లో, హెన్రీ డేల్ మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి సారం పిల్లి గర్భాశయాన్ని సంకోచింపజేస్తుందని గమనించాడు. 1910లో ఆట్, స్కాట్ అనే మరో ఇద్దరు అదే సారం మేకలో పాలను దిగజారుస్తుందని చూపారు. ప్రసవాన్ని నడిపించేదీ పాలను చేపించేదీ ఒకటే పదార్థం. దానికి ఆక్సిటోసిన్ అని పేరు. తొమ్మిది అమైనో ఆమ్లాల ఆ చిన్న అణువు నిర్మాణాన్ని విప్పి, ప్రయోగశాలలో దానిని తయారుచేసిన విన్సెంట్ డు విన్యోకు 1955లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఆ తరువాత ఈ మందు పశువుల కొట్టంలోకీ వచ్చింది. దూడ అవసరం లేకుండానే సూదితో గేదెను చేపించే అలవాటు కొందరికి అబ్బింది. ఈ దుర్వినియోగాన్ని అరికట్టడానికి 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు సంస్థలు దీనిని తయారుచేయకుండా నిషేధించింది. కానీ కాన్పు తరువాత రక్తస్రావాన్ని ఆపి తల్లి ప్రాణం నిలిపే మందు కూడా ఇదే. అందుచేత ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో ఆ నిషేధాన్ని కొట్టివేసింది.

పాలే కాదు, ప్రేమ కూడా

ఆక్సిటోసిన్ గర్భాశయం మీద, స్తన్యం మీద పనిచేస్తుంది, సరే. మనసు మీద కూడా పనిచేస్తుందా? 1968లో టెర్కెల్, రోజెన్‌బ్లాట్ అనే పరిశోధకులు అప్పుడే ఈనిన ఎలుక రక్తరసాన్ని ఎన్నడూ ఈనని ఎలుకకు ఎక్కించారు. మామూలుగా ఈనని ఎలుక పరాయి పిల్లలను దగ్గరకు రానివ్వదు. కొన్ని రోజులు వాటితో కలిపి ఉంచితేగాని అలవాటు పడదు. తల్లి రక్తం ఎక్కిన ఎలుకలు అంతకంటె ముందే పిల్లలను నోట కరచుకొని గూటికి చేర్చసాగాయి. 1972లో రెండు ఎలుకల రక్తప్రసరణను కలిపి మళ్ళీ పరీక్షించినప్పుడు, ఒక్క రోజు లోపే ఈ మార్పు కనిపించింది. 1979లో పెడర్సన్, ప్రాంజ్ మెదడులోకి నేరుగా ఆక్సిటోసిన్ పంపి, ఈస్ట్రోజన్ అందిన ఎలుకలలో ఇదే ఫలితాన్ని గంటల వ్యవధిలో సాధించారు. గొర్రెల మీద 1980లలో ఇంగ్లండులో జరిగిన ప్రయోగాలూ ఇదే చెప్పాయి. ఈనిన కొద్ది గంటల లోపల తల్లిగొర్రె తన పిల్ల వాసనను గుర్తుపెట్టుకుంటుంది, ఆపైన పరాయి పిల్ల వస్తే కుమ్మి పంపుతుంది. ఆ కొద్ది గంటల తలుపును తెరిచేది మెదడులోకి విడుదలయ్యే ఆక్సిటోసినే. మందలు కాచేవారు తల్లిలేని పిల్లను మరో తల్లికి అలవాటు చేయడానికి ఎంత అవస్థ పడతారో తలచుకుంటే ఈ మాట అర్థమవుతుంది.

మనిషి ఎలుక కాదు, గొర్రె కాదు. మనకు హార్మోను తలుపును కొంత తెరుస్తుంది, లోపలికి నడిపించేవి మాత్రం స్పర్శ, సహవాసం, జ్ఞాపకం, సంస్కారం. కనని బిడ్డను కన్నబిడ్డకంటె మిన్నగా పెంచిన తల్లులే దీనికి సాక్ష్యం.

ముద్దుముఖానికి కొలతలు

పిల్ల ముఖంలో ఏముందనే రెండవ సగానికి వద్దాం. 1943లో ఆస్ట్రియా జంతుశాస్త్రజ్ఞుడు కాన్రాడ్ లోరెంజ్ పసితనపు లక్షణాలను ఒక పట్టికగా చెప్పాడు: దేహంతో పోలిస్తే పెద్ద తల, ఉబ్బెత్తు నుదురు, ముఖంలో కొంచెం కిందుగా ఉన్న పెద్ద కళ్ళు, బూరెల్లాంటి బుగ్గలు, పొట్టి కాళ్ళూ చేతులూ, మెత్తని ఒళ్ళు, తడబడే నడక. ఇవి కనిపించగానే సంరక్షణ బుద్ధి దానంతట అదే మేల్కొంటుందని ఆయన ప్రతిపాదన. కుక్కపిల్ల, కోడిపిల్ల, బొమ్మ కూడా మనకు ముద్దుగా తోచడానికి కారణం ఇదేనన్నాడు. లోరెంజ్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన 1938లో నాజీ పార్టీలో చేరాడనీ, ఆ కాలపు రాతలలో జాతి క్షీణత వంటి విషపు భావాలు ఉన్నాయనీ కూడా చరిత్ర చెబుతుంది. ఒక పరిశీలన నిజమైనంత మాత్రాన పరిశీలకుడి సిద్ధాంతాలన్నీ నిజాలు కావు.

2009లో అమెరికాలో గ్లాకర్ బృందం పిల్లలను కనని స్త్రీలకు పసివారి చిత్రాలను చూపి మెదడును స్కాన్ చేసింది. బుగ్గలు, నుదురు కొంచెం పెంచిన చిత్రాలను చూసినప్పుడు మెదడులో ఆనందానికి, కోరికకు సంబంధించిన భాగం మరింత చురుకుగా పనిచేసింది. ముద్దుముఖం చూడటం ఆకలిగా ఉన్నవాడు అన్నం చూడటం వంటిదన్నమాట. మన పెద్దలు ఈ శక్తిని ఎరిగినవారే. బొద్దుగా ఉన్న బిడ్డ బుగ్గన కాటుక చుక్క పెట్టి, ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసే ఆచారం వెనుక ఉన్నది ఈ ఎరుకే. చూసేవారి కళ్ళను బిడ్డ ముఖం పట్టి లాగుతుందని వారు గ్రహించారు. కాకపోతే కంటికి, అరికాలికి కాటుక పెట్టేటప్పుడు అది సీసం కలిసిన అంగడి సరుకు కాకుండా చూసుకోవాలి. కంట్లో అసలు పెట్టకపోవడమే మేలు.

అదే 2009లో స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయానికి చెందిన స్ప్రెంగెల్‌మేయర్ బృందం మన ప్రశ్నను సూటిగా పరీక్షించింది. రెండు పసిముఖాలను చూపి ఏది ఎక్కువ ముద్దుగా ఉందో చెప్పమన్నారు. తేడాలు చాలా సూక్ష్మం. 19 నుంచి 26 ఏళ్ళ స్త్రీలు, 45 నుంచి 51 ఏళ్ళ స్త్రీలు వాటిని పురుషులకంటె బాగా పసిగట్టారు. 53 నుంచి 60 ఏళ్ళ స్త్రీలు మాత్రం పురుషులతో సమానంగా నిలిచారు. ఒకే వయసువారిలో ముట్లుడిగినవారిని, ఇంకా ముట్లు ఉన్నవారిని పోల్చినప్పుడు కూడా ముట్లు ఉన్నవారికే ఈ నిశితత్వం ఎక్కువ. గర్భనిరోధక మాత్రలు వాడే యువతులలో మరికొంత ఎక్కువ. చూపు వయసును బట్టి కాక హార్మోనుల స్థితిని బట్టి మారుతోందని దీని సూచన.

దీనిని విని అమ్మమ్మలు నొచ్చుకోనక్కరలేదు. ఆ పరీక్ష కొలిచింది రెండు ముఖాల మధ్య వెంట్రుకవాసి తేడాను గుర్తించే నేర్పును. ప్రేమను కాదు. మనుమడిని చంకనేసుకొని పల్నాటి ఎండలో ఊరంతా తిరిగే అమ్మమ్మ ప్రేమకు ఈస్ట్రోజన్‌తో పని లేదు.

అందం విషయంలో తొందరపాటు

పెద్దల ముఖసౌందర్యం మీద హార్మోనుల ప్రభావం కథ మాత్రం ఇంత సాఫీగా సాగలేదు. 1999లో పెంటన్ వోక్, పెరెట్ తదితరులు ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రకటించారు. ఋతుచక్రంలో గర్భధారణకు అనువైన రోజులలో స్త్రీలు మగతనం ఉట్టిపడే ముఖాలను ఎక్కువగా ఇష్టపడతారని దాని సారాంశం. పత్రికలు, టీవీలు దానిని ఎత్తుకున్నాయి. స్త్రీ మనసు నెలలో ఒక వారం ఒకరివైపు, మిగతా వారాలు మరొకరివైపు అన్నంత దూరం కథనాలు వెళ్ళాయి. 2018లో బెన్ జోన్స్ బృందం 584 మంది స్త్రీలను అనేక వారాలపాటు, లాలాజలంలో హార్మోనులను కొలుస్తూ పరీక్షించింది. హార్మోనుల హెచ్చుతగ్గులతో పాటు ఆ ఇష్టం మారుతున్నదనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదు. తొలి పరిశోధనలలో పాల్గొన్నవారు తక్కువ, హార్మోనులను నేరుగా కొలవకుండా రోజులు లెక్కించి ఊహించినవి ఎక్కువ. విజ్ఞానం తన తప్పును తానే దిద్దుకున్న సందర్భం ఇది. తొలి వార్త మారుమోగినంతగా దిద్దుబాటు వినపడలేదు.

దీనికి భిన్నంగా, 2013లో జర్మనీలోని బాన్ నగరంలో షీలే తదితరులు చేసిన ప్రయోగం ఆలోచింపజేస్తుంది. జంటగా జీవిస్తున్న పురుషులకు ముక్కు ద్వారా ఆక్సిటోసిన్ ఇచ్చారు. వారికి తమ సహచరి ముఖం ఇంకా అందంగా కనిపించింది. పరిచయమున్న ఇతర స్త్రీల ముఖాలు మాత్రం అలా అనిపించలేదు. కాకిపిల్ల సామెత దంపతులకు కూడా వర్తిస్తుందన్నమాట. అయితే ముక్కులో పిచికారీ చేసిన మందు మెదడుకు ఎంత చేరుతుందనే విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య వాదం ఉంది, ఇటువంటి ప్రయోగాలలో కొన్ని తిరిగి చేసినప్పుడు నిలవలేదు. ప్రేమ పెంచే మందని అంతర్జాలంలో ఎవరైనా అమ్మితే కొనకండి.

తండ్రుల సంగతీ చెప్పాలి. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకులను నాలుగున్నర ఏళ్ళు గమనించి 2011లో గెట్లర్ బృందం ఫలితాలు ప్రకటించింది. తండ్రులైనవారిలో పురుష హార్మోను టెస్టోస్టిరాన్ గణనీయంగా తగ్గింది. రోజుకు మూడు గంటలు, అంతకు మించి బిడ్డ పనులు చూసేవారిలో మరింత తక్కువగా ఉంది. అంటే బిడ్డను ఎత్తుకోవడం వల్ల మగతనం ఎక్కడికీ పోదు, తండ్రి దేహం కూడా తండ్రితనానికి సిద్ధమవుతుంది. పౌరుషానికి పేరుపడ్డ మన సీమలో ఈ మాట గట్టిగానే చెప్పుకోవాలి.

ముద్దు రానప్పుడు

ఇంత చరిత్ర చెప్పుకోవడానికి అసలు కారణం ఇక్కడుంది. ముద్దు సగం బిడ్డ ముఖంలో, సగం చూసేవారి రక్తంలో, మెదడులో ఉన్నదని ఒప్పుకుంటే, ఆ రెండవ సగం జబ్బు పడగలదని కూడా ఒప్పుకోవాలి.

గర్భంతో ఉన్నప్పుడు మాయ తయారుచేసే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోనులు ఆకాశాన్నంటి ఉంటాయి. మాయ పడిన కొద్ది రోజులలోనే అవి ఒక్కసారిగా నేలకు దిగుతాయి. ఈ పతనాన్ని 2000 సంవత్సరంలో బ్లాక్ బృందం మందులతో కృత్రిమంగా కల్పించి చూసింది. గతంలో పురిటి కుంగుబాటు వచ్చిన 8 మంది స్త్రీలలో 5 మందికి మళ్ళీ లక్షణాలు కనిపించాయి. ఎన్నడూ రాని 8 మందిలో ఒక్కరికీ రాలేదు. పతనం అందరికీ ఒకటే, తట్టుకునే మెదళ్ళు వేరు. ఇది గుణలోపం కాదు. దేహతత్వం.

మన దేశంలో జరిగిన 38 పరిశోధనలను కలిపి 2017లో ప్రకటించిన సమీక్ష ప్రకారం, బాలింతలలో సుమారు 22 శాతం మంది కుంగుబాటుకు లోనవుతున్నారు. అంటే అయిదుగురిలో ఒకరికి పైగా. అటువంటి తల్లికి బిడ్డ ముఖం చూసినా ఏమీ అనిపించకపోవచ్చు. పాలిస్తుంది, గుడ్డలు మారుస్తుంది, కానీ లోపల శూన్యం. చుట్టూ ఉన్నవారు ‘కన్నతల్లివి, బిడ్డ మీద ప్రేమ లేదా’ అంటారు. ఆడపిల్ల పుట్టినందుకే మొహం ముడుచుకుందని కొందరు, గాలి సోకిందని మరికొందరు. ఆమె నోరు విప్పదు. పసిబిడ్డ ముద్దుగా ఉండటం ప్రకృతి ధర్మమైతే తనకలా అనిపించకపోవడం తన పాపమని నమ్ముతుంది. హారీతికి సైతం రాక్షసి అన్న నింద పోవడానికి ఎవరో ఒకరు ఆమె దుఃఖాన్ని అడగవలసి వచ్చింది. మన ఇళ్ళలో అడిగేదెవరు?

కాబట్టి ఇంట్లో పురుడు జరిగినవారు ఈ కొన్ని విషయాలు గుర్తుంచుకోండి.

కాన్పయిన మూడు నుంచి అయిదు రోజుల ప్రాంతంలో కారణం లేని ఏడుపు, చిరాకు చాలామందికి వస్తాయి. రెండు వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. విశ్రాంతి, నిద్ర, ఆదరణ చాలు.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, బిడ్డ పట్ల ఏ భావమూ కలగడం లేదంటే, అది కుంగుబాటు కావచ్చు. 1987లో ఎడిన్‌బరో వైద్యులు రూపొందించిన పది ప్రశ్నల పట్టికతో దీనిని సులువుగా పసిగట్టవచ్చు. మాటల చికిత్స, బాలింతలకు తగిన మందులు ఉన్నాయి. పాలిస్తూనే వాడదగిన మందులూ ఉన్నాయి.

తల్లికి లేనిపోని అనుమానాలు, వినపడని మాటలు వినిపించడం, తనకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన కలిగితే అది అత్యవసర పరిస్థితి. వెయ్యి కాన్పులలో ఒకరిద్దరికి వచ్చే ఈ స్థితిలో ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. తాయెత్తులతో ఒక్క రోజు కూడా వృథా చేయవద్దు.

నీరసానికి, నిర్లిప్తతకు థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా కారణాలు కావచ్చు. కాన్పులో రక్తం బాగా పోయి, తరువాత పాలు పడక, ముట్లు తిరిగి రాకపోతే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్నదేమో చూడాలి. 1937లో షీహన్ వర్ణించిన ఈ జబ్బును రక్తపరీక్షలతో గుర్తించి, లోపించిన హార్మోనులను ఇచ్చి సరిచేయవచ్చు.

నెలలు నిండని బిడ్డకు బూరెబుగ్గలు ఉండవు, గ్రహణం మొర్రి ఉన్న బిడ్డ ముఖం వెంటనే ఆకట్టుకోకపోవచ్చు. అటువంటి బిడ్డను తల్లి ఎదకు చర్మం చర్మానికి తగిలేలా కట్టి ఉంచే పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలై ప్రపంచమంతా వ్యాపించింది. అది బిడ్డ ప్రాణం నిలపడమే కాక తల్లీబిడ్డల మధ్య అనుబంధాన్నీ పెంచుతుంది. తండ్రి కూడా ఎదకు హత్తుకోవచ్చు.

మానసిక ఇబ్బందికి ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత సేవ ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

బాలింతను చూడటానికి వెళ్ళినప్పుడు మనం బిడ్డ ముఖమే చూస్తాం. ఎవరి పోలికో చర్చిస్తాం, చేతిలో డబ్బు పెడతాం, వస్తాం. ఇకపై వెళ్ళినప్పుడు బిడ్డను ఒకసారి చూసి, తల్లి ముఖాన్ని రెండుసార్లు చూడండి. ‘నీకెలా ఉందమ్మా’ అని అడిగి, ఆమె జవాబు చెప్పేదాకా కూర్చోండి.